మోటుపల్లి యభయము: గణపతిదేవ మహారాజు చరిత్ర

ధర్మపురి నరసింహస్వామి కోవెలనుండి దిగి గోదావరిలో స్నానమాడువారు ఆ నీరు వచ్చిన దారిని దలంచుట యరుదు. ఆ నది త్ర్యంబకమున బుట్టి, ప్రతిష్ఠానపురము మీదుగా, పూర్వము దేవగిరి యాదవులు ఏలిన సీమలను దాటి మన రేవునకు వచ్చుచున్నది. ఇచ్చటినుండి దిగువకు సాగి, మంథెనను, కాళేశ్వరమును గడచి, తూర్పు సముద్రమును జేరుచున్నది. ఈ నదికి ఎగువ సీమలో చెరపడి, దిగువ సీమలో సముద్రతీరమువఱకు రాజ్యమును వ్యాపింపజేసిన పురుషుడొకడు మన చరిత్రలో గలడు. ఆతడు కాకతీయ గణపతిదేవుడు. 1199 మొదలు 1262 వఱకు అఱువదిమూడేండ్లు ఆంధ్రదేశమును బాలించిన ఆ మహారాజు పేరు వినని తెలుగువాడు లేడు. అయినను ఆతని జయములను జెప్పుకొన్నంతగా ఆతని యపజయములను మనము చెప్పుకొనము. ఓటమినుండి ఆతడు నేర్చినదేమి, నేర్చినదానిని ప్రజల కెట్లు పంచిపెట్టెను అను విషయము నేడు మనము విచారింపదగినది.

ఏలయన, సాహసించి చెడినవానిని మనము చూచు చూపు మంచిది కాదు. క్రొత్త పంట వేసి నష్టపడిన రైతును, అంగడి పెట్టి మూసివేసిన పడుచువానిని, అప్పుచేసి కడలి దాటి వట్టిచేతులతో మరలివచ్చిన కూలివానిని జూచి ఊరు మొదట నవ్వును. పిమ్మట అప్పులవాడు వాని గడప ద్రొక్కును. గెలిచిన నాడు వాని సాహసమును బొగడువారే, ఓడిన నాడు అది పొగరని నిశ్చయింతురు. సాహసము ఒకటే, ఫలము వేఱు. ఫలమునుబట్టి మనుష్యుని తూచు నీ తక్కెడ సరియైనది కాదని గణపతిదేవుని చరిత్రము బోధించుచున్నది.

ఆతని పెదతండ్రి రుద్రదేవుడు మహావీరుడు. కల్యాణపు చాళుక్యుల ప్రాభవము క్షీణించిన కాలమున స్వతంత్రుడై, 1163లో హనుమకొండ వేయిస్తంభముల గుడియందు శాసనము వేయించెను. జగిత్యాల చెంతనున్న పొలాసను అప్పుడు పొలవాస యనెడివారు. అచ్చట నేలుచుండిన మేడరాజును, నగునూరు దొమ్మరాజును జయించి, ఉత్తరమున ఈ సీమలను గాకతీయ రాజ్యమున జేర్చినవాడు రుద్రదేవుడే. సరిహద్దు పెరిగినకొలది క్రొత్త పొరుగువారు ఏర్పడుదురు. పడమట దేవగిరి యాదవులు అప్పుడే తలయెత్తుచుండిరి. ఆ యాదవరాజు జైతుగితో జరిగిన యుద్ధమున 1195 ప్రాంతమున రుద్రదేవుడు మడిసెను.

ఆతనికి బిమ్మట రాజ్యమునకు వచ్చిన తమ్ముడు మహాదేవుడు, అన్నపగ దీర్చుకొనవలయునను పట్టుదలతో దేవగిరిపైకి దండు నడపెను. మూడేండ్లలోపల ఆతడును రణరంగముననే కూలెను. ఆతని కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు జిక్కి చెరపాలయ్యెను. ఒకే శత్రువు, ఒకే దిక్కు, ఒకే ఫలము. మహాదేవుని శౌర్యమున లోపము లేదు, లోపమంతయు విచారమునందే. మొదటి యోటమికి గారణమేమో వెదకక, వెనుకటి మార్గముననే మరల బోయినవాడు వెనుకటి ఫలమునే పొందుట వింతగాదు. పొరపాటు చేయుట మనుష్య సహజము. దానినుండి యేమియు గ్రహింపక మరల జేయుటయే దోషము.

రాజు చచ్చి, యువరాజు చెరలోనుండగా రాజ్యమేమి కావలయును? సామంతులు తలలెత్తిరి, పొరుగువారు కాచికొని యుండిరి. ఆ దుర్దినములలో రాజ్యమును బట్టి నిలిపినవాడు సేనాపతి రేచెర్ల రుద్రుడు. ఆతడు తలచినచో తానే సింహాసన మెక్కియుండవచ్చును. అట్లు చేయక, లేని రాజుకొఱకు ఉన్న రాజ్యమును గాపాడెను. కాకతీయ రాజ్యమును నిలిపినవాడను బిరుదు ఆతనికి ఊరక రాలేదు.

ఇంతలో దేవగిరిలో విచిత్రము జరిగెను. జైతుగి తనకు జిక్కిన యువకుని విడిచిపెట్టి, స్వరాజ్యమునకు బంపెను. యాదవుల శాసనములు దీనిని దయ యని వర్ణించుచున్నవి. చరిత్రకారులు దీనిలో రాజనీతిని జూచుచున్నారు; ఓరుగల్లులో అరాజకము ప్రబలుటకంటె కృతజ్ఞుడైన రాజొకడుండుట దేవగిరికి మేలని జైతుగి భావించియుండునని వారి తలంపు. దయయో, నీతియో, రెండునో, ఆ బందీ యింటికి వచ్చెను. మన మంథెనలోని శాసనము 1199 డిసెంబరు 26వ తేదీ నాటికి గణపతిదేవుడు రాజుగా నుండెనని తెలుపుచున్నది. ఆతని పాలనమునుగూర్చి దొరకిన శాసనములలో నిదియే మొట్టమొదటిది. ఓరుగల్లున గాదు, సముద్రతీరమున గాదు. ధర్మపురికి దిగువన, ఈ గోదావరి యొడ్డుననే ఆతని రాజ్యకాలమునకు దొలి సాక్ష్యము నిలిచియున్నది.

సింహాసనమునెక్కిన యువకుని ముందు రెండు దారులుండెను. తండ్రివలె పగ దీర్చుకొనుటకు మరల దేవగిరిపై బడుట యొకటి. చెరనుండి బయటపడుటయే భాగ్యమని తలంచి, ఉన్నదానిని గాచుకొని, కదలక మెదలక కూర్చుండుట రెండవది. మొదటిది మూఢసాహసము, రెండవది భీరుత్వము. గణపతిదేవుడు రెంటిని విడిచి మూడవదారి ద్రొక్కెను. ఆతడు మరల దేవగిరి కోటపై దండెత్తినట్లు కానరాదు. అట్లని కత్తిని ఒరలో బెట్టను లేదు. పడమటినుండి దృష్టిని మరలించి తూర్పునకు జూచెను.

తూర్పున వెలనాటి ప్రభువుల బలము సడలుచుండెను. 1201 ప్రాంతమున గణపతిదేవుని సేనలు బెజవాడను బట్టుకొని, కృష్ణ ముఖద్వారమునందలి దివిసీమపై బడెను. చుట్టును నీరుగల సీమ. మెట్టనేలల బెరిగిన సైనికులకు గడలియంచున యుద్ధము క్రొత్త. అదియు సాహసమే. అయినను తండ్రి సాహసమునకును, దీనికిని భేదము గలదు. తండ్రి శత్రువు బలముగానున్న చోటికి గోపముతో బోయెను. కుమారుడు శత్రువు బలహీనుడైన వేళను గనిపెట్టి పోయెను.

గెలిచిన పిమ్మట ఆతడు చేసిన పని యింకను గొప్పది. దివిసీమ నేలుచుండిన అయ్య వంశమువారిని నిర్మూలింపక, వారి యాడపడుచులైన నారాంబను, పేరాంబను వివాహమాడెను. వారి సోదరుడు జాయపను తన గజసాహిణిగా నియమించెను. ఆ జాయప తరువాత 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళియను గ్రంథమును రచించి, నాట్యశాస్త్ర చరిత్రలో జిరస్థాయి యయ్యెను. ఓడినవానిని అణగద్రొక్కినచో మిగులునది పగ; నిలువబెట్టినచో మిగులునది ప్రజ్ఞ. తాను ఓడినవేళ శత్రువు చూపిన మర్యాదను గణపతిదేవుడు తన శత్రువులయెడ జూపెనని మనము తలంచినచో దప్పులేదు.

ఆతడు పెట్టిన ప్రతి యడుగును నిలిచెనని చెప్పరాదు. గోదావరికి ఉత్తరమున గళింగసీమలపై సేనలను బంపెను. ఆ గెలుపులు చిరకాలము నిలువలేదు. పట్టు దొరకని చోట ధనమును, ప్రాణములను గుమ్మరించుటకంటె, దొరకిన చోట వేళ్లు పాతుకొనుటయే ఆతడు లాభమనుకొనెను. వెనుకకు దీసిన యడుగును అవమానముగా దలపనివాడే మరల ముందుకు బోగలడు.

ఇక దేశములోపలి మాట. తెలంగాణమున వ్యవసాయమే జూదము. వాన వచ్చిన బంట, రాకున్న గరవు. కాకతీయులు ఆ జూదమును జెఱువులతో మార్చిరి. గణపతిదేవుని కాలముననే జగదాల ముమ్మడి పాకాల చెఱువును నిర్మించెను. రాజు సోదరి మైలాంబ బయ్యారమున జెఱువు త్రవ్వించెను. రేచెర్ల రుద్రుడు పాలంపేటయందు జెఱువును, 1213లో నేడు రామప్ప గుడి యని పేరొందిన శివాలయమును గట్టించెను. చెఱువు గట్టుటయు సాహసమే యని భూస్వాములకు వేఱుగ జెప్పనక్కరలేదు. కట్ట తెగినచో పెట్టిన సొమ్ము పోవుటయే గాక, దిగువ నూళ్లు మునుగును. కావున వారు కొండల నడుమనున్న యిఱుకు తావులను వెదకి, కొండలనే కట్టకు ఱెక్కలుగ జేసికొని, మిగులునీరు పోవుటకు మత్తడి గట్టిరి. రామప్ప గుడికి ఇసుక నింపిన పునాది వేసి, శిఖరమునకు నీటదేలునంతటి తేలికయైన యిటుకలను వాడిరి. సాహసమనగా గన్నులు మూసికొని దూకుట కాదు. పడిన నేమగునో ముందే యోచించి యడుగు పెట్టుట. ఎనిమిది వందల యేండ్లు గడచినను ఆ చెఱువుల క్రింద బంటలు పండుచునే యున్నవి. ఆ గుడి 2021లో ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో జేరినది.

గణపతిదేవుని బుద్ధివిశేషమునకు గొప్ప సాక్ష్యము మోటుపల్లి శాసనము. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోని సముద్రతీర గ్రామము. నాడది గొప్ప రేవుపట్టణము. చందనము, కర్పూరము, పన్నీరు, ముత్యములు, పగడములు, దంతము, పట్టు, రాగి, సీసము, మిరియములు, పోకలు అచ్చట దిగుచు నెక్కుచుండెడివి. అట్టి రేవున నొక దురాచార ముండెను. ఒక దేశమునుండి వేఱొక దేశమునకు బోవు నోడ తుపానుచే దారితప్పి తీరమునకు గొట్టుకొనివచ్చినను, పగిలినను, అందలి సరకునంతయు ఆ తీరమునేలు రాజులు బలాత్కారముగ లాగికొనుచుండిరి. ప్రాణములతో నొడ్డుచేరిన వర్తకుడు, సముద్రము తనకు విడిచిపెట్టినదానిని రాజునకు సమర్పించి, బిచ్చగాడై పోవలసియుండెను.

1244-45లో గణపతిదేవుడు అభయశాసనము వేయించి ఈ యాచారమును మాన్పెను. సముద్రయానమనెడి మహాసాహసమునకు బూనిన వర్తకులకు ధనము ప్రాణములకంటెను దక్కువకాదని గుర్తించి, నియతమైన సుంకము మాత్రము గ్రహించి, తక్కినదంతయు వారికే విడిచెను. ఎగుమతికిని, దిగుమతికిని ముప్పదింట నొకపాలు సుంకము. ముఖ్యమైన సరకులకు సుంకమెంతయో శాసనముననే చెక్కించెను. ఓడ యెక్కకముందే వర్తకుడు తన లెక్క తాను వేసికొనుటకు వీలయ్యెను.

ఇందలి యోచనను నిదానముగ బరిశీలింపవలయును. సాహసమున రెండు విధములగు నపాయములు గలవు. ఒకటి దైవికము: తుపాను, కరవు, రోగము. రెండవది మానుషము: చెడినవానిని దోచుకొనుట. తుపాను నాపుట యేరాజునకును శక్యముగాదు. దోపిడినాపుట శక్యమే. గణపతిదేవుడు సముద్రమున నపాయమే లేదని వర్తకులతో బలుకలేదు. అపాయమునకు లోనై వచ్చినవానికి నా తీరమున రెండవ యపాయము లేదని మాట యిచ్చెను. ఆ యొక్క మాటచే రేవు నిలిచెను. సాహసికుని దోచుకొన్న రాజునకు ఒక్క యోడ సరకు దక్కును. కాపాడిన రాజునకు వేయి యోడల సుంకము వచ్చును. ధర్మమును లాభమును ఇచ్చట వేఱుగావు.

ఆ శతాబ్దముననే పడమటి దేశములందును ఈ సమస్య యుండెను. పగిలిన యోడ తీరపు ప్రభువున కను నాచారము ఇంగ్లండునను గలదు. 1275లో మొదటి ఎడ్వర్డు రాజు కాలమున నొక చట్టము చేసి, ఓడనుండి మనుష్యుడుగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణములతో బయటపడినచో ఆ సరకును దిక్కులేని సొత్తుగా నెంచరాదని కట్టడి చేసిరి. సంవత్సరము మీద నొకదినములోపల సొంతదారు వచ్చి ఋజువు చూపినచో దానిని మరల నీయవలయును. ఇంచుమించుగ నొకే కాలమున ఇద్దరు దూరదేశపు ప్రభువులు ఈ ప్రశ్ననే యెదుర్కొనుట గమనింపదగినది. దేశమభివృద్ధి నొందవలెనన్న సాహసికునకు రక్ష యుండవలయునని ఇరువురును గ్రహించిరి.

మోటుపల్లి కీర్తి గణపతిదేవునితో నంతరింపలేదు. ఆ శతాబ్దము చివరను వెనీసు నగరపు యాత్రికుడు మార్కోపోలో ఈ రేవును, ఇచ్చటి వజ్రములను, సన్నని వస్త్రములను, ఈ దేశమునేలిన రాణి న్యాయమును వర్ణించెను. కాకతీయ రాజ్యము 1323లో బడిపోయిన పిమ్మట, కొండవీటి యనపోతరెడ్డి 1358లో మోటుపల్లి వర్తకులకు మరల నభయశాసనము వేయించెను. రాజ్యమును గూల్చుట యొకయేటి పని; మంచి కట్టడిని గూల్చుట యంత సులభము కాదు.

చెరనుండి విడువబడిన యువకుడే నలువదియైదేండ్లకు ఓడ పగిలిన వర్తకుని విడిచిపెట్టమని శాసించుట కాకతాళీయమా? శాసనమున నా మాట లేదు. ఆతని హృదయమును జదువుటకు మనకు వేఱు సాధనము లేదు. అయినను దేవగిరిలో ఆతడును పగిలిన యోడవంటివాడే. సర్వస్వమును గోలుపోయి పరుల యొడ్డున బడెను. ఆ యొడ్డువాడు ఆతనిని బూర్తిగ దోచుకొనియుండవచ్చును, అట్లు చేయలేదు. రెండవమాఱు బ్రదుకుటకు జిక్కిన యవకాశము విలువ ఎట్టిదో ఆతనికంటె నెఱిగిన రాజెవడు?

వార్ధక్యమున ఆతడు చేసిన కడపటి సాహసము అన్నిటికంటె గొప్పది. కుమార్తె రుద్రమదేవిని తనతోపాటు రాజ్యభారమున నిలిపి, శాసనములలో రుద్రదేవ మహారాజను పురుషనామముతో వ్యవహరింపజేసి, 1262 ప్రాంతమున బాలనమును ఆమెకు వదలెను. స్త్రీకి సింహాసన మిచ్చుట ఆ కాలమున నెంతటి తెగువయో వేఱుగ జెప్పనేల?

ఆ దినములలోనే గొప్ప యపజయము గలిగెను. దక్షిణమునుండి వచ్చిన పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు 1263 ప్రాంతమున నెల్లూరి చెంత ముత్తుకూరు యుద్ధమున గాకతీయసేనలను ఓడించెను. కంచి పోయెను; నెల్లూరు పోయెను. జీవితమంతయు గూర్చినదానిలో నొక భాగము కన్నులయెదుటనే జాఱిపోయెను. సాహసికులకు దప్పక జయము గలుగునని చెప్పు కథలు పిల్లలకు మాత్రమే తగును. గణపతిదేవుని చరిత్ర యట్టిది కాదు. అయినను రాజ్యము కూలలేదు. ఏలయన నొక యోటమితో గూలని రీతిగ ఆతడు దానిని గట్టియుండెను. చెఱువు లుండెను, రేవులుండెను, నమ్మకమైన సేనానులుండిరి, అన్నిటికంటె మిన్నగ రుద్రమదేవి యుండెను. దండెత్తివచ్చిన దేవగిరి యాదవ మహాదేవుని వెనుకకు దఱిమిన ఘనత ఆమెది. తాత మడిసి తండ్రి చెరపడిన చోటినుండి వచ్చిన దండును, గూతురు మరలించెను.

ఇది యించుమించుగ నెనిమిదివందలయేండ్లనాటి మాట యని తోసివేయరాదు. నేడు జగిత్యాల జిల్లాయందు, కరీంనగర, నిజామాబాదు ప్రాంతములయందు, గడలి దాటి గల్ఫు దేశములకు బోయినవారు లేని యూరు అరుదు. దుబాయియందును, మస్కటునందును ఎండలో నిలిచి, ఇచ్చట నిండ్లు గట్టించినవారు, చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసినవారు ఎందఱో గలరు. వారి సొమ్ముతో మన యంగళ్లు నడచుచున్నవి. మన పొలముల వెలలు పెరిగినవి. అట్లే ఏజెంటు మోసమునకు లోనై, చేయని పనికి వీసా కొని, జీతము రాక, రోగముతోనో, అప్పుతోనో మరలివచ్చినవారును గలరు. మొదటివానిని మనము పెండ్లిపందిట ముందువరుసలో గూర్చుండబెట్టుదుము. రెండవవాడు బస్సు దిగి చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరును. ఇరువురును చేసినది ఒకే సాహసము.

అట్టివాని యొడ్డున నున్నవారము మనమే. వాని భూమి తక్కువ వెలకు దొరకునని కాచుకొనియుండుటయా, వడ్డీ తగ్గించి గడువిచ్చి వానిని మరల నిలువబెట్టుటయా అనునది ప్రభుత్వము మాత్రమే తేల్చవలసిన విషయము కాదు. అప్పిచ్చు భూస్వామియు, పని యిచ్చు వర్తకుడును, మాటలాడు ఇరుగుపొరుగును తమతమ గడపలయొద్ద వేయవలసిన శాసన మది. వాని పొరపాటు లేదని నటింపనక్కరలేదు. ఎచ్చట జాఱెనో కూర్చుండి వానితో విచారింపవలయును. ఆ కాగితమును జదువకయే సంతకము చేసితివా, ఆ పని నిజముగ గలదో లేదో యెవరి నడిగితివి అని కనుగొని, రేపు పోవువాని కా సంగతి తెలుపవలయును. అట్లు చేసినచో ఒకని నష్టము ఊరికంతటికి విద్య యగును. ఎగతాళి చేసినచో వాడు దానిని దాచుకొనును. పొరుగువాని కుమారుడు ఆ గోతిలోనే పడును. మహాదేవుడు అన్న పడిన చోటనే పడుట మనము చూచితిమిగదా.

మంథెనలో రాయియు, మోటుపల్లిలో రాయియు నేటికిని నిలిచియున్నవి. మొదటిది చెరనుండి వచ్చినవాడు రాజయ్యెనని చెప్పుచున్నది. రెండవది ఆ రాజు, పగిలిన యోడలవారికి దన తీరమున నభయమిచ్చెనని చెప్పుచున్నది. ఈ రెండు రాళ్ల నడుమ నలువదియైదేండ్ల జీవితము గలదు. సముద్రమునుండి మరలివచ్చు మన పిల్లలు ధర్మపురి రేవున గాలు గడిగికొని యూరిలోనికి వచ్చునప్పుడు, తల వంచుకొని రాక, మంచిచెడ్డలు చెప్పుకొనుచు వచ్చునట్లు చేయుట మన చేతిలోని పని.